తండాకు తీగ ఎప్పుడొస్తది? (తెలుసుకుందాం)

మన గోడపత్రికలో పోయినసారి గ్రహణాల గురించి చదివినారు కదా. ఈసారి సాంఘికశాస్త్రం సారు నాకు “టెలిఫోను చట్టాలు, ఇంటర్నెట్టు” అనే విషయం ఇచ్చినారు. మొదట నాకు నచ్చలేదు. చట్టాల గురించి ఎవరు చదువుతరు? కాని చదివిన కొద్దీ ఇది మా ఇంటి సంగతే అని తెలిసింది. అందుకే మా ఇంటి నుండే మొదలుపెడుతున్నాను.

2020 మార్చిలో కరోనా వలన హాస్టళ్లు మూసి అందరినీ ఇళ్లకు పంపినారు. సెప్టెంబరు 1 నుండి టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి చానళ్లలో పాఠాలు మొదలైనవి. అప్పుడు నేను అయిదో తరగతి, మా అక్క పదో తరగతి. మా ఇంట్ల టీవీ ఉన్నది గాని రీఛార్జి అయిపోయింది. ఫోను ఒక్కటే. పొద్దున బాపు పనికి పోయేటప్పుడు పట్టుకపోయేటోడు. సాయంత్రం ఆయన వచ్చినంక అక్క ఆ ఫోను తీసుకొని గుట్ట మీది బండ దగ్గరికి పోయేది. తండా మొత్తంల సిగ్నలు దొరికే జాగ అదొక్కటే. పాములకు భయపడి యాడి (మా భాషలో అమ్మను యాడి అంటం) బ్యాటరీ లైటు పట్టుకొని వెంట పోయేది. లెక్కల పాఠం సగం వరకు నడిచి, గుండ్రంగ తిరుగుకుంట ఆగిపోయేది. ఆ యేడు పరీక్షలు లేకుండనే అందరినీ పాస్ చేసినారు. కాని ఇంటర్ల లెక్కల గ్రూపు తీసుకోవడానికి అక్కకు ధైర్యం చాలలేదు. ఇంజనీరు కావాలన్న మనిషి వేరే గ్రూపుల చేరింది.

మరి టవరు ఎక్కడ పెట్టాలి, తీగ ఎంతవరకు రావాలి అన్నది ఎవరు నిర్ణయిస్తారు? ఇదే ఈ పాఠం.

మన దేశంలో తంతి, టెలిఫోనులకు మూలమైన చట్టం బ్రిటిషు వారు 1885లో చేసినది. దాని పేరు ఇండియన్ టెలిగ్రాఫ్ చట్టం. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత కూడా చాలాకాలం అదే నడిచింది. దాని స్థానంలో పార్లమెంటు 2023లో టెలికమ్యూనికేషన్స్ చట్టం చేసింది. 2024 జూన్ నుండి అందులోని సెక్షన్లు కొన్ని కొన్నిగా అమలులోకి రావడం మొదలైంది. అనగా తంతి కాలపు చట్టం కిందనే సెల్‌ఫోను, ఇంటర్నెట్టు కూడా వచ్చినవన్న మాట. 1995 జూలై 31న మన దేశంలో మొదటి సెల్‌ఫోను సంభాషణ జరిగింది. అదే సంవత్సరం ఆగస్టు 15న వి.ఎస్.ఎన్.ఎల్. అనే ప్రభుత్వ సంస్థ ప్రజలకు ఇంటర్నెట్టు ఇవ్వడం మొదలుపెట్టింది. అది కూడా పెద్ద నగరాలలో మాత్రమే. ఆ రోజులలో వచ్చిన ఫోను ఎత్తినా డబ్బులు పడేవట! ఆ పద్ధతి 2003లో పోయింది.

1994 వరకు ఫోన్లు నడిపేది ప్రభుత్వమే, నిబంధనలు పెట్టేది కూడా ప్రభుత్వమే. ప్రైవేటు కంపెనీలు వచ్చిన తరువాత చిక్కు వచ్చింది. కబడ్డీలో ఒక జట్టు కెప్టెనే రెఫరీగా కూడా ఉంటే రెండవ జట్టు ఒప్పుకుంటుందా? అందుకే 1997లో ట్రాయ్ అనే నియంత్రణ సంస్థను చట్టం ద్వారా ఏర్పాటు చేసినారు. ధరలు సరిగ్గా ఉన్నాయా, కాల్ మధ్యలో తెగిపోతున్నదా అని చూడడం దాని పని. లైసెన్సులు మాత్రం అది ఇవ్వదు, కేంద్ర ప్రభుత్వ టెలికం శాఖ ఇస్తుంది. తగాదాలు తీర్చడానికి 2000లో వేరే ట్రిబ్యునల్ పెట్టినారు. (పరీక్షలో ఈ మూడింటిని కలిపి రాయకండి. నేను కలిపి రాసి సారు చేత తిట్లు తిన్నాను.)

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. గాలిలో పోయే తరంగాలు ఎవరివి? 1995 ఫిబ్రవరిలో, క్రికెట్ ప్రసారాల మీద వచ్చిన ఒక కేసులో, సుప్రీంకోర్టు అవి ప్రజల ఆస్తి అని చెప్పింది. ఆ తీర్పు చెప్పిన న్యాయమూర్తులలో మన తెలుగువారు బి.పి. జీవన్‌రెడ్డి గారు ఒకరు. ప్రజలు అంటే మా తండావాళ్లు కూడా అందులో ఉన్నట్టే కదా అని నాకు అనిపించింది.

ఇప్పుడు అసలు తగవు. 2015 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్, రిలయన్స్ కమ్యూనికేషన్స్ కలిసి కొన్ని వెబ్‌సైట్లను ఉచితంగా చూపిస్తామని ముందుకు వచ్చినవి. మొదలుపెట్టిన ఆరు రాష్ట్రాలలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఉన్నవి. తరువాత దానికి ఫ్రీ బేసిక్స్ అని పేరు మార్చినారు. పేదవాళ్లకు ఏమీ లేనికంటే కొంత ఉండడం మేలు కదా అని వారి వాదన. ఏది ఉచితమో కంపెనీ నిర్ణయిస్తే మిగతావన్నీ మూలకు పోతాయని ఎదుటివారి వాదన.

దీన్ని నేను ఇట్ల అర్థం చేసుకున్నాను. సిద్దిపేట అంగడికి పోవడానికి ఒక సేటు తండాకు ఉచితంగా జీపు పెట్టిండనుకోండి. అది అంగడిల ఆగదు, ఆయన దుకాణం ముందరనే ఆగుతది. మనం మిర్చి అమ్మినా ఉప్పు కొన్నా ఆయన దగ్గరనే. జీపు కిరాయి మిగిలింది గాని అంగడి పోయింది.

ట్రాయ్ అందరి అభిప్రాయాలు అడిగింది. లక్షలమంది రాసినారు. 2016 ఫిబ్రవరి 8న తీర్మానం ఇచ్చింది. ఏ వెబ్‌సైటు చూస్తున్నారు అన్న దానిని బట్టి వేరు వేరు ధర పెట్టకూడదు. ఉల్లంఘిస్తే రోజుకు 50 వేల రూపాయలు, మొత్తం 50 లక్షల వరకు జరిమానా. ఈ తీర్మానం సరైనదే అని నేను అనుకుంటున్నాను. కాని ఒక మాట అడగాలి. ఆ అభిప్రాయాలు ఎక్కువగా ఈ-మెయిలులో పంపినారు. ఇంటర్నెట్టు లేనివారు ఎట్ల పంపుతారు? గుట్ట మీది బండ ఎక్కి పంపాలా? సేటు జీపు వద్దన్నారు, మంచిదే. మరి ఆర్టీసీ బస్సు ఎప్పుడు వస్తది?

ఆ బస్సు కోసం ఒక నిధి ఉన్నది. 2002 నుండి టెలికం కంపెనీలు లెక్కకు వచ్చే ఆదాయంలో నూటికి 5 రూపాయలు ఆ నిధికి కట్టాలి. లాభం రాని పల్లెలకు ఫోను, ఇంటర్నెట్టు ఇవ్వడానికే అది. కొత్త చట్టం కింద దాని పేరు డిజిటల్ భారత్ నిధి. 2011లో అన్ని గ్రామ పంచాయతీలకు, అంటే సుమారు రెండున్నర లక్షల పంచాయతీలకు, గాజు తీగ వేయాలని కేంద్రం నిర్ణయించింది. దానినే తరువాత భారత్‌నెట్ అన్నారు. వెంట్రుక వలె సన్నని గాజుపోగులో వెలుతురు మెరుపులుగా పోతుంది, ఆ మెరుపులే మన పాఠాలు, బొమ్మలు.

మన జిల్లాకు ఇందులో ఒక గొప్ప ఉన్నది. మిషన్ భగీరథ నల్లాను 2016 ఆగస్టు 7న ప్రధానమంత్రి మన గజ్వేల్ దగ్గర కోమటిబండలో ప్రారంభించినారు. ఆ నీళ్ల పైపుల కోసం తవ్విన కాలువలలోనే ఇంటర్నెట్టు తీగకు గొట్టం వేయాలని మన రాష్ట్రం టీ-ఫైబర్ పథకం పెట్టింది. ఒకే తవ్వకంతో నీళ్లు, పాఠాలు రెండూ! ఈ ఆలోచన ఎవరికి వచ్చిందో గాని తెలివైనది.

అయితే తీగ పంచాయతీ వరకు అన్నారు. మన తండాలు చాలావరకు 2018 కొత్త చట్టంతో గాని సొంత పంచాయతీలు కాలేదు. అంతకుముందు వేరే ఊరి పంచాయతీ కింద ఉండేవి. 2011లో లెక్క వేసినప్పుడు పంచాయతీ అంటే ఆ పెద్ద ఊరే. మా తండా కూడా అట్లనే. ఆ ఊరికి, మాకు నడుమ మూడు కిలోమీటర్లు, ఒక వాగు. 2022లో సిగ్నలు లేని 24,680 గ్రామాలకు 4జి ఇవ్వాలని, 2023లో పంచాయతీని దాటి గ్రామాలకు కూడా భారత్‌నెట్ తీగ ఇవ్వాలని కేంద్ర మంత్రివర్గం నిర్ణయించింది. మా బండ మీద మాత్రం ఇంకా పిల్లలు కూర్చుంటున్నారు.

హాస్టలు పిల్లలం కాబట్టి ఇంకొకటి. కేరళలో ఒక డిగ్రీ విద్యార్థిని సాయంత్రం 6 నుండి 10 వరకు ఫోను అప్పగించనన్నందుకు హాస్టలు నుండి పంపివేసినారు. ఆమె హైకోర్టుకు పోయింది. 2019 సెప్టెంబరులో కోర్టు, ఇంటర్నెట్టు పొందే హక్కు చదువుకునే హక్కులో భాగమని చెప్పి, ఆమెను తిరిగి చేర్చుకోమన్నది. (వార్డెన్ మేడం గారూ, ఆమె డిగ్రీ చదివే పెద్దమ్మాయి. మేము ఫోను అడగడం లేదు, కంప్యూటరు గది ఆదివారం కూడా తెరవమని అడుగుతున్నాం.)

దసరా సెలవులకు పోయినప్పుడు మీ తండా పంచాయతీ ఆఫీసులో గాజు తీగ పెట్టె ఉన్నదా, దానికి దీపం వెలుగుతున్నదా చూసి రండి. ఈ కాగితం కింద ఖాళీ వదిలినాను. తండా పేరు, “ఉన్నది” లేక “లేదు” అని పెన్సిలుతో రాయండి. మొదటి గీత మీద మా తండా పేరు నేనే రాసినాను. లేదు.