వీడియో త్వరగా తయారు కావాలంటే – ఎన్‌కోడర్ ప్లగిన్ల సంగతి



ఈ వసతి గృహంలో చదువుకుని, నేడు పెళ్ళి వీడియోల ఎడిటింగ్‌తో బతుకుతున్న వాళ్ళం మేము. ఒక వార్షికోత్సవానికి మన హాస్టల్ మీద 40 నిమిషాల వీడియో తీశాం. అవి మిరప కోతల రోజులు. గుంటూరు, ప్రకాశం పల్లెల నుండి కూలి మానుకుని వచ్చిన తల్లిదండ్రులు ఆ ఒక్క రాత్రే ఉంటారు. సాయంత్రం ఎక్స్‌పోర్ట్ పెడితే నాలుగు గంటలు చూపించింది. మూడో గంటలో కరెంటు పోయింది. పిల్లల వీడియో చూడకుండానే వాళ్ళు తెల్లవారుజామున ఆటోలెక్కి కోతలకు వెళ్ళిపోయారు. ఆ బాధతో నేర్చుకున్న పాఠం ఇది.

ఎక్స్‌పోర్ట్‌కు అంత సమయం ఎందుకు?

చేలో తీసిన పత్తి వదులుగా ఉంటుంది. మిల్లులో గింజ తీసి, ప్రెస్సులో నొక్కితే బేలు అవుతుంది. వీడియో కూడా అంతే. 1920×1080 సైజు బొమ్మ ఒక్కటి, నొక్కకముందు, సుమారు 62 లక్షల బైట్లు. సెకనుకు 25 చొప్పున 40 నిమిషాలకు 60,000 బొమ్మలు. అంటే సుమారు 373 గిగాబైట్లు! సెకనుకు 12 మెగాబిట్ల బిట్‌రేటు పెడితే ఇదంతా 3.6 గిగాబైట్లకు తగ్గుతుంది. ఇలా నొక్కే ప్రెస్సే ఎన్‌కోడర్.

ప్లగిన్ ఏం చేస్తుంది?

మామూలుగా ఈ భారమంతా ప్రాసెసర్ మోస్తుంది. ఇంటెల్ 2011లో క్విక్ సింక్, ఎన్విడియా 2012లో ఎన్‌వెంక్ పేర్లతో చిప్పులోనే ఈ పనికి ప్రత్యేక భాగం పెట్టాయి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ దాన్ని నేరుగా వాడుకోలేనప్పుడు, బొమ్మలు తీసుకుని ఆ భాగానికి అందించేదే ఎన్‌కోడర్ ప్లగిన్. ప్రీమియర్, వేగాస్‌లకు వచ్చిన ఉచిత ప్లగిన్ వౌకోడర్ ఇలాంటిదే. 2020 మే నెలలో విండోస్ ప్రీమియర్‌కు ఎన్విడియా, ఏఎండీ కార్డుల సౌకర్యం లోపలే వచ్చింది.

గుర్తుంచుకోవలసినవి

1. ముందు ఎక్స్‌పోర్ట్ సెట్టింగుల్లో 'హార్డ్‌వేర్ ఎన్‌కోడింగ్' ఉందేమో చూడండి. ఉంటే వేగం కోసం వేరే ప్లగిన్ వెతకనక్కరలేదు.

2. ప్లగిన్ మీ సాఫ్ట్‌వేర్ వెర్షన్‌కు సరిపోవాలి. తయారుచేసిన వారి దగ్గర నుండే తీసుకోండి. గ్రాఫిక్స్ డ్రైవర్ కూడా సరిచూసుకోండి.

3. ఎఫెక్టులు ఎక్కువైతే బొమ్మ తయారవడమే ఆలస్యం. పత్తి అందకపోతే ప్రెస్సు ఎంత వేగంగా తిరిగినా ఏం లాభం?

4. తక్కువ బిట్‌రేటులో హార్డ్‌వేర్ ఎన్‌కోడర్‌తో నాణ్యత కొంత తగ్గవచ్చు. కళ్ళంలో ఆరబోసిన మిరపకాయలు విడివిడిగా కనిపించక గళ్ళుగా అలుక్కుపోతాయి. అప్పుడు బిట్‌రేటు 12 నుండి 16కు పెంచండి. ముందుగా అలాంటి దృశ్యం ఒక్క నిమిషం ఎక్స్‌పోర్ట్ చేసి చూసుకోండి.

మరుసటి ఏడాది అదే కంప్యూటర్‌లో, అంతే నిడివి వీడియో గంటలోపే తయారైంది. తెర మీద కొడుకు కనిపించగానే ఒక తల్లి లేచి నిలబడింది. మాకు అంతకన్నా ఏం కావాలి? అయినా తమ్ముళ్ళారా, ఎంత వేగం ఉన్నా పని ముందు రోజే ముగించండి. కరెంటు మన చేతిలో లేదు కదా!