కత్తెర చేసినావిడే ఆగమంది

అమ్మాయిలూ, ఈసారి మన కబుర్లలోకి ఒక శాస్త్రవేత్తను పట్టుకొచ్చాను. పేరు జెన్నిఫర్ డౌడ్నా. నోరు తిరగలేదని పేజీ తిప్పేయకండి.

హవాయి దీవుల్లో హిలో అనే ఊళ్లో పెరిగిందీవిడ. అత్తిపత్తి ఆకు ముట్టుకుంటే ఎందుకు ముడుచుకుంటుందా అని చిన్నప్పుడే బుర్ర బద్దలు కొట్టుకునేదట. మనమూ ముట్టుకున్నాం, నవ్వుకుని వచ్చేశాం! ఒకరోజు వాళ్ల నాన్న మంచం మీద పెట్టిన పాత పుస్తకాన్ని డిటెక్టివ్ నవల అనుకుంది. తీరా చూస్తే డీఎన్ఏ ఆకారం కనిపెట్టిన కథ, జేమ్స్ వాట్సన్ రాసింది. అందులో రోజలిండ్ ఫ్రాంక్లిన్ అనే శాస్త్రవేత్తని ఆయన ఎంత చులకన చేసినా, ఈ పిల్లకి మాత్రం ఆడవాళ్లూ సైంటిస్టులు కావచ్చని అర్థమైంది. ఆడపిల్లలకి సైన్సెందుకని స్కూల్లో ఒకాయన అన్నా వింటుందా మరి!

2011లో ప్యూర్టోరికోలో జరిగిన సదస్సులో ఫ్రాన్స్‌కి చెందిన శాస్త్రవేత్త ఎమ్మాన్యుయెల్ షార్పాంటియే పరిచయమైంది. వైరస్ దాడి చేస్తే బ్యాక్టీరియా దాని డీఎన్ఏని కత్తిరించి పారేస్తుంది. ఆ కత్తెరని మనకి కావలసిన జన్యువు దగ్గరికి పంపొచ్చని ఇద్దరూ తమ బృందాలతో కలిసి 2012లో చూపించారు. అదే క్రిస్పర్. ఏ చోట కోయాలో చిన్న ఆర్ఎన్ఏ ముక్క దారి చూపిస్తుంది, క్యాస్9 అనే ప్రొటీన్ కోస్తుంది. 2020లో కెమిస్ట్రీ నోబెల్ ఈ ఇద్దరికే వచ్చింది.

నాకు నచ్చింది నోబెల్ కాదు. ఆవిడకో కల వచ్చిందట: పంది ముఖంతో హిట్లర్ ఎదురుగా కూర్చుని, ఈ విద్య నాకూ చెప్పమని అడుగుతున్నాడు. ఉలిక్కిపడి లేచింది. తన పని తను చేశాననుకుని ఊరుకోకుండా 2015 జనవరిలో కాలిఫోర్నియాలోని నాపాలో తోటివాళ్లని కూర్చోబెట్టి, పుట్టబోయే బిడ్డల జన్యువుల జోలికి ఇప్పుడే పోవద్దని చెప్పించింది. వినలేదు ఒకాయన. చైనాలో హె జియాన్‌కుయ్ అనే శాస్త్రవేత్త, హెచ్ఐవీ సోకకుండా చేస్తానని పిండాల్లో జన్యువు మార్చాడు. 2018లో కవల ఆడపిల్లలు పుట్టారు. తండ్రికి హెచ్ఐవీ ఉన్నా బిడ్డలకి రాకుండా చూసే మామూలు పద్ధతులు అప్పటికే ఉన్నాయి. ఆయనకి మూడేళ్ల జైలు పడింది. ఆ మార్పు మాత్రం ఆ పిల్లల ఒంట్లోనే ఉంది, రేపు వాళ్లకి పుట్టేవాళ్లకీ వెళ్లొచ్చు.

అలాగని కత్తెరనే తిట్టకండి. సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు ఉన్న రోగి మూలకణాలు బయటికి తీసి, ఈ కత్తెరతో జన్యువు మార్చి, తిరిగి ఎక్కించే చికిత్సకి 2023లో బ్రిటన్, అమెరికా అనుమతిచ్చాయి. ఆ మార్పు ఆ మనిషితోనే ఆగుతుంది. పైగా సరేనని చెప్పేదీ ఆ మనిషే. కానీ అనుమతి వచ్చినప్పుడు అమెరికాలో దాని ఖరీదు 22 లక్షల డాలర్లు! మన ఏజెన్సీ ప్రాంతాల్లో ఆ జబ్బుతో కీళ్లు పట్టేసి మూలుగుతున్న పిల్లలకి అది ఎప్పుడు అందుతుంది? నీతి గురించి మాట్లాడేవాళ్లు ఈ ధర గురించి కూడా మాట్లాడాలి.

ఇదంతా మనకెందుకంటారా? స్కానింగ్ సెంటర్ గోడ మీద బోర్డు చూడండి: ఇక్కడ లింగనిర్ధారణ చేయబడదు. కడుపులో బిడ్డ క్షేమం చూడ్డానికి వచ్చిన యంత్రాన్ని మనవాళ్లు దేనికి వాడారో, 1994లో చట్టం ఎందుకు తేవలసి వచ్చిందో ఎవరికి తెలీదు? పెళ్లి సంబంధాల్లో ఇప్పటికీ రంగు అడిగే మనకి, బిడ్డ రంగూ ఎత్తూ ఎంచుకోవచ్చంటే నిగ్రహం ఉంటుందని నేననుకోను. రంగూ ఎత్తూ ఒక్క జన్యువు చేతిలో లేవు కాబట్టి ఆ బేరం ఇప్పట్లో కుదరదు, అది వేరే సంగతి.

జబ్బుపడ్డ మనిషికి వైద్యం చేయండి, కాదనను. ఇంకా పుట్టని బిడ్డని మనకి నచ్చినట్టు దిద్దుకునే హక్కు మాత్రం తల్లికీ లేదు, డాక్టరుకీ లేదు. మీరేమంటారో ఉత్తరం రాయండి. అత్తగారు ఏమంటారో అది కూడా!