బ్రిటన్‌లో వైద్యం ఉచితమేనా?

బదిలీ అయినప్పుడల్లా మనం కొత్త ఊళ్లో మొదట వెతికేది బడి, ఆ తరువాత ఆసుపత్రి. ఉద్యోగాలకు బ్రిటన్ వెళ్లిన మనవాళ్లకూ అదే వెతుకులాట.

అక్కడ 1948 జూలై 5న మొదలైన ఎన్‌హెచ్‌ఎస్ ప్రధానంగా పన్నుల డబ్బుతో నడిచే వైద్యసేవ. చాలామంది వీసాతోపాటే దానికి రుసుము కట్టాలి. 2024 నుంచి ఏడాదికి పెద్దలకు 1,035 పౌండ్లు, పిల్లలకు 776. మనం లెక్క వేద్దాం: ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు, మూడేళ్లు. మొత్తం 10,866 పౌండ్లు, అదీ ముందుగానే! తరువాత డాక్టరు ఫీజు అడగరు. చిక్కల్లా ఎదురుచూపులే; మోకాలి ఆపరేషన్‌కు నెలలు పట్టవచ్చు.

ప్రైవేటులో త్వరగా అవుతుంది. అయితే అక్కడి బీమా సాధారణంగా పాత జబ్బులకు వర్తించదు. ఉబ్బసం ఉన్న పిల్లవాడికి అర్ధరాత్రి ఆయాసం వస్తే, బీమా ఉన్నవాళ్లు కూడా పరుగెత్తేది ఎన్‌హెచ్‌ఎస్ అత్యవసర విభాగానికే. అందుకే ఇల్లు దొరకగానే దగ్గరలోని జీపీ, అంటే కుటుంబ వైద్యుడి దగ్గర పేర్లు నమోదు చేయించుకుంటారు.