ఏడాది పుంజు ఎదురొచ్చినప్పుడు

కొలంబియా, మిజోరి

నవీన్,

నువ్వడిగింది చిన్న ప్రశ్నే గాని, ఇక్కడ టర్కీ కోళ్ల వేటగాళ్లు నలుగురు చేరితే తెగని పంచాయితీ అదే. ఏప్రిల్లో సీజన్ తెరిచాక ఎదురుగా జేక్, అంటే ఏడాది పుంజు, వస్తే కొట్టాలా, పెద్ద పుంజు గాబ్లర్ వచ్చేదాకా ఆగాలా? మీ ఆఫీసులో ఎవరో "జేక్‌ను కొట్టేవాడు వేటగాడే కాదు" అన్నాడని రాశావు. ఆ మాట పట్టించుకోకు. అలాగని ఎదురొచ్చిన ప్రతి జేక్‌నూ కొట్టమని నేనూ అనను. నా మాట ముందే చెప్పేస్తాను, కారణాలు తరవాత. చట్టం ఒప్పుకునే చోట నీ మొదటి పక్షి జేక్ అయితే నిశ్చింతగా తీసుకో. ఆ మీదట మాత్రం జేక్‌ల జోలికి వెళ్లకు, ముఖ్యంగా నువ్వు తిరిగే ఆ చిన్న పొలంలో.

ముందు మీ అమ్మ సంగతి. మొన్న ఫోన్ చేసి, "వాడికి తుపాకీ ఏంటన్నయ్యా, ఆ ఊళ్లో చికెన్ దొరకదా?" అంది. తప్పుపట్టలేం. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేటంటే కేసు, జైలు. ఇక్కడి లెక్క వేరని చెప్పడానికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఇదే మిజోరిలో 1950ల మొదట్లో రాష్ట్రం మొత్తమ్మీద రెండున్నర వేల అడవి టర్కీలు కూడా లేవు. అడవులు నరికి, హద్దూ అదుపూ లేకుండా కాల్చుకుతిని ఆ గతి పట్టించారు. ఫారాల్లో పెంచిన పక్షుల్ని అడవిలో వదిలి చూశారు, నిలవలేదు. చివరికి మిగిలిన అడవి పక్షుల్నే పట్టి, లేనిచోట్లకు తరలించారు. అవి నిలదొక్కుకున్నాక 1960లో పద్నాలుగు కౌంటీల్లో మూడే మూడు రోజులు సీజన్ పెడితే చిక్కినవి 94. 2004 వసంతానికి ఆ సంఖ్య 60 వేలు దాటింది. ఈ పనికి వేటగాళ్ల పర్మిట్ల సొమ్ము, 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం కింద తుపాకుల మీద, తూటాల మీద వసూలయ్యే పన్ను ఆధారమయ్యాయి. ఇదంతా ఓపిగ్గా విని మీ అమ్మ, "అయితే డబ్బు కట్టి ఊరుకోవచ్చుగా?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. నువ్వే చెప్పుకో.

ఇక అసలు విషయం. జేక్ అంటే నిరుటి వేసవి ముందు గుడ్డు పగిలి బయటికొచ్చిన మగపిల్ల. ఈ ఏప్రిల్‌కి దానికి నిండా ఏడాది కూడా రాదు, వాడుకలో ఏడాది పుంజు అంటాం. రెండో పుట్టినరోజుకు దగ్గరపడితే అది టామ్, గాబ్లర్. "ముసలి పక్షి కోసం ఆగాలా" అని రాశావు చూడు, అక్కడో సవరణ. ఆగడమంటే నాలుగేళ్ల ఘనాపాఠీ కోసం ఆగడమని కాదు. వసంతంలో మనకు చిక్కే పెద్ద పుంజుల్లో ఎక్కువ రెండేళ్లవే. తెల్లవారుజామున చెట్టు మీద కూర్చుని గొంతు చించుకునేదీ, పెట్ట కూతలా నువ్వు చేసే పిలుపు విని ఆత్రంగా వచ్చేదీ అదే. నాలుగేళ్లది పెట్టల వెంట తిరుగుతుంది, తక్కువ కూస్తుంది, నీకంటే ముందే నిన్ను చూస్తుంది. దాని కోసమే పట్టుబట్టి కూర్చుంటే వేట మీద విరక్తి పుడుతుంది.

జేక్‌ను కొడితే జాతి తరిగిపోతుందని కొందరు బెదిరిస్తారు. అది నేను ఒప్పుకోను. ఒక్క పుంజు చాలా పెట్టలతో జతకడుతుంది. పెట్ట ఒకసారి జతకట్టాక వారాల తరబడి ఆ వీర్యాన్ని ఒంట్లో దాచుకుని గుడ్లు పెట్టగలదు. మంద పెరగడమూ తరగడమూ పెట్టల చేతిలోనూ, పిల్లల చేతిలోనూ ఉంది. నేల మీద, గడ్డి మాటున పది పన్నెండు గుడ్లు పెట్టి 28 రోజులు పొదుగుతుంది. రకూన్లు, స్కంకులు, పాసమ్‌లు వాటికోసం కాచుకునుంటాయి. గుడ్లు దక్కి పిల్లలు బయటికొచ్చినా, రెక్కలొచ్చి కొమ్మెక్కేదాకా, అంటే మొదటి రెండు వారాలూ, ఒక్క చలివాన చాలు. అందుకే ఇక్కడి కన్జర్వేషన్ డిపార్ట్‌మెంట్ వాళ్లు వేసవిలో పెట్టకు ఎన్ని పిల్లలని లెక్కపెడతారు. సగటున పెట్టకు రెండు పిల్లలుంటే మంద నిలబడుతుందని వాళ్ల అంచనా. గత ఇరవై ఏళ్లలో టర్కీలు తగ్గాయని ఇక్కడందరూ గోలపెట్టేది ఈ పిల్లలు దక్కకే. పదమూడేళ్లకోసారి నేలలోంచి పొర్లుకొచ్చే సికాడా పురుగులు 2011లోనూ, మళ్లీ 2024లోనూ వచ్చాయి. పురుగులు తిని పెరిగే టర్కీ పిల్లలకు అది పెళ్లి భోజనమే. అలాంటి ఏడాది మరుసటి వసంతంలో జేక్‌ల గుంపులు రోడ్డు పక్కనే కనిపిస్తాయి.

మరి వదలమని ఎందుకంటున్నానూ అంటే, వచ్చే ఏడాది కోసం. నీకు అనుమతిచ్చిన రైతు పొలం నూట ఇరవై ఎకరాలన్నావు. అందులో సగం సోయా, మొక్కజొన్న, మిగతాది వాగు ఒడ్డున ఓక్ చెట్లు. అక్కడ నాలుగు జేక్‌లు తిరుగుతున్నాయని రాశావు. వచ్చే వసంతంలో ఆ వాగు ఒడ్డున కూసే రెండేళ్ల పుంజులు ఎక్కువగా ఈ నాలుగింటిలోంచే రావాలి. బాబ్‌క్యాట్, కొయోటీ, పెద్ద గుడ్లగూబ తమ వంతు తీసుకుంటాయి. నువ్వు రెండింటిని కొట్టి, రైతు కొడుకు ఒకటి కొడితే, ఆపై ఏప్రిల్లో నువ్వు చెట్టుకు జారగిలబడి వినేది రహదారి మీద లారీల మోతే. అదే ఓజార్క్ కొండల్లో మార్క్ ట్వైన్ నేషనల్ ఫారెస్ట్‌లోకి వెళ్లావనుకో, అది పదిహేను లక్షల ఎకరాల అడవి. అక్కడ నీ ఒక్క జేక్‌తో తేడా ఏమీ రాదు. కాబట్టి ఎవడో చెప్పిన సూత్రం కాకుండా, కాళ్ల కింది నేల ఎంతుందో, దాని మీద నీతో పాటు ఎన్ని తుపాకులున్నాయో చూసుకో. జేక్‌లు పలచగా ఉన్న ఏడాది ఇంకా బిగబట్టుకో.

కొన్ని రాష్ట్రాలు ఈ నిర్ణయాన్ని వేటగాడికి వదల్లేదు. మిసిసిపీ 1990ల చివర్లోనే పెద్దవాళ్లు జేక్‌లను కొట్టకూడదంది. అక్కడ రొమ్ము మీద వేలాడే గడ్డం ఆరంగుళాలైనా ఉండాలి, లేదా అది పెద్ద పుంజని తెలియాలి. ఆ తరవాత ఆర్కాన్సా కూడా ఆ దారి పట్టింది. రెండు చోట్లా పిల్లలకు మాత్రం సడలింపు ఉంది. నువ్వుండే స్ప్రింగ్‌ఫీల్డ్ నుంచి దక్షిణానికి కాస్త దూరం కారు నడిపితే ఆర్కాన్సాయే. స్నేహితులు రమ్మంటే సరదాగా వెళ్లి, మన దగ్గర చెల్లింది కదా అని అక్కడా జేక్‌ను కొట్టావంటే జరిమానాతో తిరిగొస్తావు. ఏ ఏటి నిబంధనల పుస్తకం ఆ ఏడు చదువు. నన్నడిగితే ఆ రాష్ట్రాల నియమం పక్షుల మేలుకంటే వేటగాళ్ల సంతోషం కోసం పెట్టింది. కూసే పుంజులు ఎక్కువైతే అందరికీ మంచి పొద్దులు దొరుకుతాయి. తప్పేం లేదు, కాని దానికి త్యాగమని పేరు పెట్టకూడదు.

ఇందులోనే మీ ఆఫీసు పెద్దమనిషికి చెప్పాల్సిన సంగతి ఒకటుంది. జేక్‌ను వదిలి టామ్‌ను కొట్టినవాడు పుణ్యం మూటగట్టుకున్నట్టు మాట్లాడతాడు. ఆ వసంతంలో పెట్టలతో జతకడుతున్నది ఎవరు? ఆ టామే. జేక్‌కు వయసు వచ్చినా పెద్దవాటి ముందు వంతు రాదు. సీజన్ మరీ ముందే తెరిచి, జతకట్టే పెద్ద పుంజుల్ని మొదటి వారంలోనే లేపేస్తే ఏమవుతుందని జార్జియా విశ్వవిద్యాలయంలో మైక్ చాంబర్లిన్ లాంటి పరిశోధకులు ఏళ్లుగా అడుగుతున్నారు. టెనెసీలో కొన్ని కౌంటీల్లో సీజన్‌ను రెండు వారాలు వెనక్కి జరిపి పరీక్షించారు. గూళ్లు దక్కడంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. వాదన ఇంకా నడుస్తూనే ఉంది. ఎటు తేలినా, పెద్ద పుంజును కొట్టినవాడు చిన్నదాన్ని కొట్టినవాడి మీద ఎగరడానికి ఆధారం మాత్రం లేదు.

నీకు కనిపించిన ఆ నాలుగూ బహుశా ఒక్క తల్లి పిల్లలే. మగ టర్కీలు అన్నదమ్ములుగా జట్టుకట్టి తిరుగుతాయి. కాలిఫోర్నియాలో అలన్ క్రాకవర్ ఈ జట్ల మీద చేసిన పని 2005లో నేచర్ పత్రికలో వచ్చింది. అన్నదమ్ములు పక్కపక్కనే పురివిప్పి పెట్టల ముందు తిరుగుతాయి, కాని పిల్లల్ని కనేది పెద్దది ఒక్కటే. తక్కినవి దానికి రామలక్ష్మణుల కథలో తమ్ముడిలా తోడు నిలబడతాయి. ఈ జట్టు బలం చిన్నతనంలోనే మొదలవుతుంది. మూడు నాలుగు జేక్‌లు కలిసి ఒంటరి టామ్‌ను తరిమేయడం నువ్వు చూస్తావు. నీ పిలుపుకు వస్తున్న పుంజును అలా చెదరగొడితే ఒళ్లు మండి తుపాకీ ఎత్తబుద్ధవుతుంది. ఎత్తకు. చోటు మార్చుకో. పెట్టలు పది గంటలకు గూళ్లకు జారుకున్నాక అదే టామ్ ఒంటరిదై మళ్లీ కూస్తుంది. ప్రైవేటు భూమిలో ఇప్పుడు సాయంత్రం దాకా వేటాడనిస్తున్నారు. పొద్దున ఎనిమిదికే విసిగి ఇంటికెళ్లే అలవాటు చేసుకోకు.

మొదటి పక్షి విషయంలో నా సడలింపు ఎందుకంటే, కొత్తవాడు ఈ పని చివరిదాకా ఒకసారి చూడాలి. పక్షి దగ్గరికొచ్చేదాకా ఊపిరి బిగబట్టడం, సరైన క్షణంలో మీట నొక్కడం, ట్యాగ్ వేయడం, ఈకలు పీకడం, వండడం. ఇవన్నీ అయినవాడికే ఆ తరవాత వదలడంలో రుచి తెలుస్తుంది. ఒక్కటీ చేతికి రానివాణ్ణి వదలమనడం, పస్తున్నవాణ్ణి ఉపవాసం ఉండమన్నట్టుంటుంది.

వదలాలంటే ముందు గుర్తుపట్టాలి. మన ఊళ్లో పందెం పుంజులు పెంచేవాళ్లు కాలు చూసి వయసు అంచనా వేస్తారే, ఇక్కడా అదే విద్య. జేక్ కాలి వెనక ముల్లు గుండీలా చిన్నది. రెండేళ్లకు అరంగుళం దాటుతుంది. నాలుగేళ్ల దానికి అంగుళం మించి వంపు తిరుగుతుంది. కాని బతికున్న పక్షి కాలు నీకు కనిపించదు. తోక చూడు. జేక్ పురివిప్పితే నడిమి ఈకలు పక్కవాటికంటే పొడుగ్గా పైకి పొడుచుకొస్తాయి. టామ్ తోక అంచు ఒకే వంపులో ఉంటుంది. గడ్డం జేక్‌కు మూడు నాలుగంగుళాలు. కూత మధ్యలో విరిగి, పొట్టిగా ఉంటుంది. గడ్డమొక్కదాన్నే నమ్ముకోకు, అక్కడక్కడా పెట్టకూ గడ్డం వస్తుంది. మిజోరిలో గడ్డం కనిపించే పెట్టను కొట్టినా నేరం కాదు. నువ్వు మాత్రం కొట్టకు. పైన చెప్పినదంతా దాని గుడ్ల మీదే నిలబడింది.

జేక్‌లు గుంపుగా వస్తాయన్నాను కదా, అసలు ప్రమాదం అక్కడే. షాట్‌గన్ గుళ్లు చెదురుతాయి. ఒకదాని మెడ మీద గురిపెడితే వెనకున్నది కూడా పడుతుంది. ఇక్కడ ఒక రోజులో రెండు పక్షులు తీసుకోకూడదు, మొదటి వారమంతా కలిపి ఒక్కటే. గుంపులోంచి ఒకటి విడివడేదాకా ఆగు. నలభై గజాల లోపు రానివ్వు. కూత వినిపించిందని దాని మీదకు పాకుతూ వెళ్లకు. ఆ కూత ఇంకో వేటగాడిది కావచ్చు. ఎరుపు, తెలుపు, నీలం రంగులు ఒంటి మీద ఉండకూడదు, ఆఖరికి జేబురుమాలు కూడా. నువ్వు కొన్న జేక్ డెకాయ్ బొమ్మ మంచిదే, టామ్ దాన్ని చూసి పౌరుషంతో తన్నడానికి వస్తుంది. కాని ఆ బొమ్మను చేతపట్టుకుని అడవిలో నడవకు, సంచిలో మూసి తీసుకెళ్లు.

కూర సంగతికొస్తే జేక్‌దే పైచేయి. దాని రొమ్ము మాంసం లేతగా ఉంటుంది, పచ్చిమిరపకాయ వేపుడు పది నిమిషాల్లో అయిపోతుంది. పెద్ద టామ్ కాళ్లు ప్రెషర్ కుక్కర్‌లో కూతలు లెక్కపెట్టినా లొంగవు. అత్తయ్య వాటిని సన్నటి సెగ మీద పూట సేపు ఉడకనిచ్చి, ఎముకలు తీసేసి, గసాలు కొబ్బరి ముద్దతో పులుసు పెడుతుంది. చాలామంది కాళ్లు పారేసి రొమ్ము మాత్రం కోసుకుపోతారు. వాళ్లు జేక్‌ల గురించి నీతులు చెప్తే నాకు నవ్వొస్తుంది. రైతుకు ఒక పొట్లం ఇవ్వడం మరిచిపోకు.

కొట్టిన వెంటనే ట్యాగ్, అదే రోజు రాత్రి పది లోపు కన్జర్వేషన్ డిపార్ట్‌మెంట్ వాళ్ల టెలిచెక్‌లో నమోదు. అక్కడ అది పెద్దదా జేకా అని అడుగుతారు, ఉన్నదున్నట్టు చెప్పు. వచ్చే ఏటి పుంజుల అంచనాకు ఆ జవాబే పనికొస్తుంది. మీ పాపకు ఆరేళ్లు నిండాయి కాబట్టి యూత్ సీజన్‌లో పక్కన కూర్చోబెట్టుకోవచ్చు, కాని తుపాకీ మోసే బలం వచ్చేదాకా బైనాక్యులర్ చాలు. దానికి వంతొచ్చినప్పుడు జేక్ వచ్చినా సరే, నా సూత్రాలేవీ దాని ముందు ఎత్తకు.

పెట్ట కూత తీసే ఆ చెక్క పెట్టె, బాక్స్ కాల్‌కు రాసే సుద్ద అయిపోయిందన్నావుగా, ఈ ఉత్తరంతో పాటు రెండు ముక్కలు పెట్టాను. బడి సుద్ద రాయకు, చెక్క పాడవుతుంది. సీజన్ రెండో వారం శనివారం నేనొస్తున్నాను, నా కోసం ఆగక్కర్లేదు.

ఇట్లు,
మీ మామయ్య