సముద్రమధ్యమున శిలాస్తంభములు

సముద్రతీరమన్నంతనే మనకు ఇసుకతిన్నెలును, సరుగుడుతోటలును, బెస్తవారి పడవలును జ్ఞప్తికి వచ్చును. కాని నావపైనుండి తీరమును పరికించువారికి కొన్నిచోట్ల, ఇవి మానవనిర్మితములేమో యను భ్రమ గొల్పెడు శిలాకృతులు గోచరించును. అట్టివానిలో స్కాట్లండుదేశపు పడమటి సముద్రమునందలి స్టాఫా ద్వీపము సుప్రసిద్ధము.

ఈ దీవి పొడవు సుమారొక కిలోమీటరు. వెడల్పు అందులో సగము. స్టాఫా యనగా కంబముల దీవి. పూర్వము నార్వే నావికు లీ పేరు పెట్టిరి. దక్షిణపు కొసను నల్లని రాతికంబములు, మన వేయిస్తంభముల గుడియందువలె, బారులుతీరి నిలిచియున్నవి. పెక్కింటికి ఆరు ముఖములు. కొన్నింటికి ఐదో, ఏడో యుండును. వాని నడుమ సముద్రము తొలిచిన ఫింగలు గుహ గలదు. దాని యెత్తు రమారమి 20 మీటర్లు. లోపలికి పొడవు 70 మీటర్లు. అందు అలలు కొట్టుకొన్నప్పుడు పుట్టెడు నాదమునుబట్టి గేలికు భాషలో దానిని ఇంపైన గుహ యందురు.

1772లో జోసఫు బ్యాంక్సు అను ప్రకృతిశాస్త్రజ్ఞుడు ఐసులాండునకు ఓడపై పోవుచు, మార్గమధ్యమున ఈ వింత శిలలను గూర్చి విని, పడవలో బయలుదేరెను. గాలి తోడ్పడమిచే రాత్రికిగాని దీవి చేరలేదు. మరునాడా స్తంభములను జూచి, వీని యెదుట మనుష్యులు గట్టిన దేవాలయములును రాజభవనములును ఆటబొమ్మలవంటివని తలచెను. అయినను ఆశ్చర్యముతోనే తృప్తిపడక, గుహను, స్తంభములను గొలిపించి వ్రాసికొనెను. ఆ వర్ణనము 1774లో అచ్చుపడి లోకమునకు దెలిసెను.

ఈ కంబము లెట్లేర్పడెను? ఐర్లండునుండి స్కాట్లండునకు ఒక రాక్షసకాయుడు బాట వేసెనని అచటి జనులు కథ చెప్పుదురు. కొందఱు పండితులు ఈ రాయి సముద్రజలమునుండి పేరుకొన్నదనిరి. మఱికొంద ఱగ్నిపర్వతమునుండి వెడలినదనిరి. తుదకు రెండవవారి మాటయే నిలిచెను. సుమారు 6 కోట్ల యేండ్లక్రింద కరగిన రాయి పొంగి పాఱి, మెల్లగా చల్లారి, కుంచించుకొని, బీటలువారెను. ఎండిన చెరువులో ఒండ్రు నెఱ్ఱెలు వాఱుటను మీరు చూచియుందురు గదా! ఆ బీటలే పైనుండి లోనికిని, క్రిందినుండి మీదికిని సాగి, రాతిని కంబములుగా విడదీసినవి.

ఇట్టి స్తంభములు మన దేశమునను గలవు. కర్ణాటకమున మాల్పే రేవునుండి పడవలో పోయిన సెయింట్ మేరీ దీవులయందు వానిని జూడవచ్చును. మఱియు మన రాజమహేంద్రవరము చెంత, గోదావరికి ఇరుప్రక్కల, కాతేరు, పంగిడి ప్రాంతములలోని నల్లరాయియు, ఆఱుకోట్ల యేండ్లకు మించిన పూర్వము కరగి పాఱినదే. ఆ రాతిపొరల నడుమనున్న సున్నపురాతిలో ప్రాచీన జీవుల గుల్లలు దొరకును.

స్టాఫా దీవిని అలలు మెల్లమెల్లగా తొలుచుచున్నవి. మన నల్లరాతిని కంకరకై మనమే పగులగొట్టుచున్నాము. ఒకసారి పొడియైన పిమ్మట ఆ రాయి తన కథ చెప్పజాలదు. కావున విద్యార్థులారా! పెద్దల తోడుగా పోయి, ఉన్నదానిని చూడుడు, కొలువుడు, వ్రాసియుంచుడు. బ్యాంక్సు చేసినదియు నంతియే.