సినిమా డిస్కులకు కాలం చెల్లిందా?

2000 సంవత్సరం తర్వాత కొన్నేళ్లపాటు నరసరావుపేట, మాచర్ల, గురజాల వంటి మన పట్టణాల్లో సినిమా డిస్కులు అద్దెకిచ్చే షాపులు కనిపించేవి. ఒక రాత్రికి ప్లేయరును, రెండు మూడు సినిమాలను అద్దెకు తెచ్చి, వాడవాడంతా ఒకచోట కూర్చుని చూసేవారు. 2016లో జియో రావడంతో ఇంటర్నెట్ చవకైంది. అదే ఏడాది జనవరిలో నెట్‌ఫ్లిక్స్, డిసెంబరులో అమెజాన్ ప్రైమ్ వీడియో మన దేశంలో మొదలయ్యాయి. 2020లో తెలుగు కోసమే 'ఆహా' వచ్చింది. ఇప్పుడు సినిమా ఫోనులోనే దొరుకుతున్నది. మరి డిస్కుతో ఇంకా పనేమిటి? మేము తెలుసుకున్నంతలో ఈ ప్రశ్నకు జవాబు చెప్పే ప్రయత్నమే ఈ వ్యాసం.

డిస్కు పనిచేసే విధానం

డిస్కు అంటే 12 సెం.మీ. వ్యాసం, 1.2 మి.మీ. మందం గల ప్లాస్టిక్ బిళ్ల. దానిలో కంటికి కనబడని గుంటలు వరుసగా ఉంటాయి. లేజరు కిరణం వాటిని చదువుతుంది. కిరణం తరంగదైర్ఘ్యం తగ్గేకొద్దీ గుంటలను మరింత చిన్నవిగా, దగ్గరదగ్గరగా అమర్చవచ్చు. సి.డి.కి 780, డి.వి.డి.కి 650, బ్లూ-రేకు 405 నానోమీటర్ల కిరణం వాడతారు. అందుకే ఒకే సైజు బిళ్ల అయినా, ఒక పొరలో డి.వి.డి. 4.7 జి.బి., బ్లూ-రే 25 జి.బి. సమాచారాన్ని ఇముడ్చుకోగలవు. 1993లో వచ్చిన వి.సి.డి.లో సుమారు 74 నిమిషాల బొమ్మ మాత్రమే పట్టేది. కనుక ఒక తెలుగు సినిమాకు రెండు, మూడు డిస్కులు కావలసి వచ్చేవి.

2007 ప్రాంతంలో మోజర్ బేర్ సంస్థ వి.సి.డి.ని 28 రూపాయలకు, డి.వి.డి.ని 34 రూపాయలకు అమ్మింది. దొంగ డిస్కు జోలికి పోకుండానే సామాన్యుడు అసలు డిస్కు కొనుక్కోగలిగాడు. కానీ 2018 నాటికి ఆ సంస్థ దివాలా తీసింది. అమెరికాలో 1998 నుండి డి.వి.డి.లను పోస్టులో పంపిన నెట్‌ఫ్లిక్స్ కూడా 2023 సెప్టెంబరులో ఆ పని మానుకుంది. వ్యాపారంలో డిస్కు ఓడిపోయిన మాట నిజమే.

చూడడం వేరు, మన దగ్గర ఉండడం వేరు

స్ట్రీమింగ్‌లో సినిమా మన దగ్గర ఉండదు, కంపెనీ కంప్యూటర్లలో ఉంటుంది. మనం కట్టే చందా చూసేందుకు అనుమతి మాత్రమే. నిర్మాతతో కంపెనీకి ఉన్న ఒప్పందం ముగిస్తే సినిమా వెళ్లిపోతుంది. వివాదం వచ్చినా అంతే. 2023 డిసెంబరులో విడుదలైన నయనతార తమిళ చిత్రం 'అన్నపూరణి'ని 2024 జనవరిలో నెట్‌ఫ్లిక్స్ తొలగించింది. ఆ సినిమా మంచిచెడ్డలు వేరే చర్చ. చందా కట్టినవారి చేతిలో మాత్రం ఏమీ మిగలలేదు. కొనుక్కున్న డిస్కునైతే ఎవరూ మన ఇంటికి వచ్చి పట్టుకుపోరు.

ఖర్చు సంగతి కూడా చూద్దాం. మంచి నాణ్యతతో చూస్తే గంటకు 3 జి.బి. వరకు డేటా అవుతుందని నెట్‌ఫ్లిక్స్ చెబుతున్నది. ఆ లెక్కన రెండున్నర గంటల సినిమాకు 7.5 జి.బి. కావాలి. రోజుకు 1.5 జి.బి. వచ్చే ప్యాకుతో అది ఐదు రోజుల డేటా. నాణ్యత తగ్గించుకుంటే ఖర్చు తగ్గుతుంది. అయినా సొంత ఫోను లేని హాస్టల్ విద్యార్థికి ఈ లెక్క భారమే. ఒక్క డిస్కును వందమంది కలిసి ఎన్నిసార్లు చూసినా అదనపు ఖర్చు కరెంటు మాత్రమే.

మన చరిత్ర మాట

1921లో రఘుపతి వెంకయ్య, ఆయన కుమారుడు ప్రకాశ్ తీసిన 'భీష్మ ప్రతిజ్ఞ', 1932లో హెచ్.ఎం.రెడ్డి తీసిన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' నేడు చూద్దామన్నా దొరకవు. దాచేవారు లేకపోతే ఎంత గొప్ప వస్తువైనా పేరుగానే మిగులుతుంది.

అంటరానితనాన్ని ప్రశ్నిస్తూ 1938లో గూడవల్లి రామబ్రహ్మం 'మాలపిల్ల' తీశారు. కథ చలం అందించారు. ఆ రామబ్రహ్మమే మన ప్రాంతపు కథతో 'పల్నాటి యుద్ధం' మొదలుపెట్టి, 1946లో మరణించారు. ఎల్.వి.ప్రసాద్ దానిని పూర్తిచేయగా 1947లో విడుదలైంది. అందులో నాగమ్మగా కన్నాంబ, బాలచంద్రుడిగా అక్కినేని నటించారు. 1966లో అదే కథ మళ్లీ వచ్చింది. బ్రహ్మనాయుడుగా ఎన్.టి.ఆర్., నాగమ్మగా భానుమతి నటించారు. కులభేదం లేకుండా కలిసి తినే చాపకూడు, మాల కన్నమదాసు పరాక్రమం మన హాస్టల్ పిల్లలకు పరాయి విషయాలు కావు. 1947లో వాటిని ఎలా చూపారు, 1966లో ఎలా చూపారు అని పోల్చి చదవాలంటే రెండు సినిమాలూ మనకు కావలసినప్పుడు చేతిలో ఉండాలి. ఎక్కువమంది చూసేవాటికే పెద్దపీట వేసే చోట పాత సినిమాల వంతు ఎప్పుడు వస్తుందో చెప్పలేము.

డిస్కుకూ ఆయుష్షు ఉంది

డిస్కు శాశ్వతమని అనుకోరాదు. కంపెనీలో అచ్చువేసిన డిస్కులో గుంటలు ప్లాస్టిక్‌లోనే ఉంటాయి. ఇంట్లో, స్టూడియోలో రాసిన డిస్కులో మాత్రం రంగు పొర ఉంటుంది. ఎండ, వేడి, తేమ తగిలితే అది పాడవుతుంది. పెళ్లి, వార్షికోత్సవ వీడియోలు చాలావరకు ఈ రకానివే. పైగా కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్కు పెట్టే చోటు ఉండడం లేదు. యు.ఎస్.బి. డ్రైవు విడిగా కొనవలసి వస్తున్నది. డిస్కును అంచుల వద్ద పట్టుకోవాలి. మెత్తని గుడ్డతో మధ్య నుండి అంచుకు తుడవాలి. పెట్టెలో నిలువుగా ఉంచాలి. ముఖ్యమైనవాటిని హార్డ్ డిస్కులోకి కూడా కాపీ చేసుకోవాలి.

మనం చేయదగినవి

కొత్త సినిమాను ఒకసారి చూడడానికి స్ట్రీమింగ్ చాలు. మళ్లీ మళ్లీ చూసి చదవవలసినవాటికి డిస్కు కావాలి. 2012లో సవరించిన కాపీరైట్ చట్టం, లాభాపేక్ష లేని గ్రంథాలయాలు, విద్యాసంస్థలు న్యాయంగా కొన్న సినిమా ప్రతిని ఎరువివ్వడాన్ని వాణిజ్య అద్దెగా పరిగణించదు. కనుక పుస్తకాల పక్కనే ఒక అర డిస్కులకు కేటాయించవచ్చు.

పూర్వ విద్యార్థులకు మా విన్నపం ఒక్కటే. మీ ఇళ్లలో బీరువా అడుగున పాత తెలుగు సినిమాల అసలు డిస్కులు గానీ, మన హాస్టల్ వార్షికోత్సవాల సి.డి.లు గానీ ఉంటే పారవేయకండి. సినిమా డిస్కులను మన గ్రంథాలయానికి ఇవ్వండి. వార్షికోత్సవాలవి కాపీ చేసుకుని మీవి మీకు తిరిగి ఇస్తాము. ఏ సంవత్సరానివో, అందులో ఎవరెవరు ఉన్నారో ఒక కాగితం మీద రాసి జతచేయండి. మీరు ఈ హాస్టల్లో ఎలా చదివారో, ఎలా ఆడిపాడారో మా తర్వాత వచ్చే తమ్ముళ్లు కూడా చూడాలని మా కోరిక.