మోటారు ఆగితే కరెంటు ఎందుకు పెరుగుతుంది?

సైన్స్ ఫెయిర్ కోసం మా గ్రూపు చేసిన చిన్న క్రేను మీరంతా చూశారు కదా. దాని ట్రాన్సిస్టరు కాలిపోయింది. తాడు కప్పీలో ఇరుక్కుని మోటారు ఆగింది, కాసేపటికే కాలిన వాసన. "తిరగని మోటారుకి కరెంటెందుకు పోతుంది?" అని అందరూ అడిగారు. నేనూ అలాగే అనుకున్నా. లెక్క వేస్తే తిరగనప్పుడే ఎక్కువ పోతుందని తేలింది.

మోటారుకు ఎమర్జెన్సీ లైటు బ్యాటరీ పెట్టాం, 6 వోల్టులు. తీగచుట్ట నిరోధం 2 ఓములు. ఓమ్ నియమం ప్రకారం 3 ఆంపియర్లు పోవాలి. కానీ బరువు లేకుండా తిరిగేటప్పుడు 0.3 ఆంపియరే పోతుంది! కారణం ఏమిటంటే, అయస్కాంతాల మధ్య తిరిగే చుట్ట తానే ఒక డైనమో అయి, బ్యాటరీకి ఎదురుగా 5.4 వోల్టులు పుట్టిస్తుంది. దీన్నే వ్యతిరేక విద్యుచ్ఛాలక బలం అంటారు. ఇక మిగిలేది 0.6 వోల్టులే. దాన్ని 2తో భాగించి చూడండి. మోటారు ఆగిందంటే ఎదురు వోల్టేజి సున్నా, పూర్తిగా 3 ఆంపియర్లు. మేం పెట్టిన బీడీ 139 ట్రాన్సిస్టరు హద్దు 1.5 ఆంపియర్లు. పాపం, అదేం చేస్తుంది!

ఫ్యూజు వేస్తే చాలదా అన్నాడొకడు. చాలదు. స్విచ్ వేసిన ప్రతిసారీ మోటారు ముందు ఆగే ఉంటుంది కదా, అప్పుడూ అంత కరెంటూ పోతుంది.

అందుకని ఎమిటరు దారిలో 0.6 ఓముల నిరోధం పెట్టాం (1.2 ఓములవి రెండు సమాంతరంగా). దాని రెండు కొసలకు బీసీ 547 అనే చిన్న ట్రాన్సిస్టరు బేసు, ఎమిటరు కలిపాం. కరెంటు 1 ఆంపియరు చేరగానే అక్కడ 0.6 వోల్టులొస్తాయి. చిన్నది మేలుకుని, పెద్దదాని బేసుకు పోయే కరెంటును తాను లాగేసుకుంటుంది. ఇక 1 ఆంపియరు దగ్గరే ఆగుతుంది. మోటారు బలం కరెంటును బట్టే కనుక ఆ బలమూ మూడో వంతే. తాడుకూ మంచిదే.

ఇందులో ఒక లోపం ఉంది. మోటారు ఆగినప్పుడు ట్రాన్సిస్టరు మీద 3.4 వాట్ల వేడి పడుతుంది, అల్యూమినియం రేకు తప్పనిసరి. పెద్ద మోటార్లకు ఇలా చేస్తే దండగ. వాటికి స్విచ్‌ని సెకనుకు వేలసార్లు వేసి తీస్తారు. తీసిన క్షణంలో కూడా చుట్ట కరెంటును తెగనివ్వదు, పక్కనున్న డయోడు గుండా తిప్పుతుంది. డయోడు మరిస్తే చుట్టలో పుట్టే వోల్టేజికి ట్రాన్సిస్టరు మళ్లీ పోతుంది.

నమ్మకపోతే పాత టేపురికార్డరు మోటారుకి టార్చిబల్బు శ్రేణిలో కలిపి, ఇరుసును వేళ్లతో పట్టి ఆపండి. బల్బు ఎక్కువ వెలుగుతుంది. బోరు మోటారు జోలికి మాత్రం పోవద్దు, అది ఏసీ, దాని సంగతి వేరు.

క్రేను ఇప్పుడు స్టడీ హాల్లో ఉంది. తాడు ఇంకా ఇరుక్కుంటూనే ఉంది గానీ వాసన రావడం లేదు.